గుణమా, జబ్బా? పాత ఇటాలియన్ మోటార్ సైకిళ్ల సంగతి

ఆగి ఉన్న 1970ల నాటి మోటో గుజ్జిని ఒక్కసారి రేస్ చేస్తే బండి మొత్తం కుడివైపుకి ఒరుగుతుంది. పక్కనుంచి ఎవరో భుజంతో తోసినట్టు ఉంటుంది. మొదటిసారి ఎక్కినవాళ్లు కంగారుపడి, ఇంజిన్ బోల్టు ఏదైనా ఊడిందేమోనని కిందికి వంగి చూస్తారు. ఏదీ ఊడదు. మన వీధుల్లో తిరిగే బళ్లలో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ బండికి అడ్డంగా ఉంటుంది. గుజ్జిలో అది ముందు చక్రం నుంచి వెనక చక్రం వైపుకి, పొడవునా ఉంటుంది. ఆ షాఫ్ట్, దాని చివర ఉన్న బరువైన ఫ్లైవీల్ ఒక్కసారిగా వేగం అందుకుంటే ఇంజిన్ దానికి ఎదురు దిక్కుకి తిరగాలని చూస్తుంది. ఆ తోపే ఈ ఒరుగు. రోడ్డెక్కి వేగం అందుకున్నాక అది గుర్తు కూడా రాదు.

అదే బండి రాత్రిపూట మరో తంటా పెడుతుంది. హెడ్‌లైట్ మసకగా వెలుగుతుంది, హ్యాండిల్ మీది స్విచ్ ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. దీపానికి కావలసిన కరెంటంతా సన్నని పాత తీగల్లోంచి, అరిగిన స్విచ్ కాంటాక్టుల్లోంచి పోవడమే కారణం. ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్), ఫ్యూజు, రెండు మీటర్ల మంచి వైరు ఉంటే ఒక్క పూటలో తీరిపోతుంది.

మొదటిది బండి గుణం, రెండోది జబ్బు. గుణాన్ని బాగుచేయాలని చూసేవాళ్లు డబ్బు తగలేస్తారు. జబ్బును గుణం అనుకుని భరించేవాళ్లు ఏదో ఒక రాత్రి రోడ్డు పక్కన నిలబడతారు. ఇటాలియన్ బళ్లంటేనే నమ్మకం లేనివని ఒక మాట ప్రపంచమంతా పాకిపోయింది. ఆ మాట సగం తప్పు. తప్పు ఏ సగంలో ఉందో తెలియాలంటే ఆ బళ్లు ఎలాంటి కాలంలో, ఎలాంటి చేతుల్లో పుట్టాయో చూడాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇటలీలో జనానికి కావలసింది చవకగా తిరిగే వాహనం. బొలోనాలో రేడియో విడిభాగాలు చేసుకునే డుకాటీ 1946లో కుచ్చోలో అనే బుల్లి ఇంజిన్ మొదలుపెట్టింది. సైకిలుకి తగిలించుకునే ఇంజిన్ అది. కుచ్చోలో అంటే కుక్కపిల్ల. దాని సైలెన్సర్ మోత అలా ఉండేదట. స్కూటర్లు, చిన్న మోటార్ సైకిళ్లు లక్షల్లో అమ్ముడుపోయాయి. తర్వాత 1955లో ఫియట్ 600, 1957లో ఫియట్ 500 వచ్చాయి. కుటుంబమంతా వాన తగలకుండా కూర్చునే కారు కాస్త కష్టపడితే అందేంత దగ్గరికి వచ్చాక, బండి అవసరం తగ్గిపోయింది. అదే 1957లో గుజ్జి, జిలేరా, మొండియల్ ఖర్చు భరించలేక గ్రాండ్ ప్రి రేసుల నుంచి ఒకేసారి తప్పుకున్నాయి. 1966కల్లా గుజ్జి పరిస్థితి, అప్పుల్లో మునిగిన కంపెనీని చూసుకోవడానికి నియమించే రిసీవర్ చేతిలో పడేదాకా వచ్చింది. ఇంతలో 1969లో హోండా సీబీ 750 వచ్చింది: నాలుగు సిలిండర్లు, బటన్ నొక్కితే స్టార్ట్, కింద ఆయిల్ చుక్క పడదు.

ధరలో గానీ సంఖ్యలో గానీ హోండాతో పోటీపడే సత్తా ఆ ఇటాలియన్ ఫ్యాక్టరీలకు లేదు. వాటి దగ్గర ఉన్నది రేసుల్లో పండిన కొద్దిమంది ఇంజినీర్లు, చేతిపని తెలిసిన కార్మికులు, చుట్టుపక్కల చిన్న చిన్న సరఫరాదారులు. ఉన్న కొద్ది డబ్బూ, మొత్తం తెలివీ ఇంజిన్, ఫ్రేమ్, బ్రేకుల మీద పెట్టారు. స్విచ్‌లు, వైరింగ్, మీటర్లు, క్రోమ్ పూత లాంటివి బయట ఏవి దొరికితే అవి బిగించారు. ఆ కాలపు ఇటాలియన్ బండిని విప్పితే ఈ తేడా కళ్లకు కడుతుంది. లోపలి గేర్లు గడియారంలో ఉండాల్సినట్టు ఉంటాయి. ఇండికేటర్ స్విచ్ మాత్రం బొమ్మ కారులోంచి తీసినట్టు ఉంటుంది.

గుజ్జి కంపెనీ 1921లో, కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో దెల్ లారియో అనే ఊళ్లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కలిసి పనిచేసిన ముగ్గురు మిత్రులు కన్న కల అది. వారిలో ఇద్దరు, కార్లో గుజ్జి, జార్జియో పరోది, కంపెనీ పెట్టారు. మూడోవాడు జొవాన్ని రవెల్లి అప్పటికే 1919లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ట్యాంకు మీది రెక్కలు చాచిన గద్ద అతని గుర్తుగానే పెట్టారు. నేటికీ గుజ్జి బళ్లు ఆ ఊళ్లోనే తయారవుతున్నాయి.

జూలియో చెజారే కర్కానో రూపొందించిన 90 డిగ్రీల వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్ల) ఇంజిన్‌తో, 703 సీసీల వీ7 1967లో మార్కెట్లోకి వచ్చింది. పోలీసుల అవసరాలను దృష్టిలో పెట్టుకుని చేసిన బండి అది: బరువుగా, మొండిగా, రోజంతా తిరిగినా అలసిపోకుండా ఉండాలి. లాస్ ఏంజెలిస్ పోలీసులు కూడా తీసుకున్నారు. గుజ్జిలో కాలిఫోర్నియా అనే మోడల్ పేరు ఆ వరసలోనే వచ్చింది. ఆ పోలీసు ఇంజిన్‌ని తీసుకుని పరుగు బండి చేసింది లీనో తొంతి. 1971 నాటి వీ7 స్పోర్ట్ ఆయన పని. పాత వీ7లో రెండు సిలిండర్ల మధ్య, ఇంజిన్ నెత్తి మీద డైనమో కూర్చునేది. తొంతి దాన్ని తీసేసి, క్రాంక్ షాఫ్ట్ ముందు కొసకి ఆల్టర్నేటర్ బిగించాడు. నెత్తి ఖాళీ అయింది కాబట్టి ఫ్రేమ్ గొట్టాలు సిలిండర్ల నడుమ నుంచి కిందికి, తిన్నగా పోగలిగాయి. బండి మొత్తం పొట్టిగా, నేలకి దగ్గరగా వచ్చింది. ఆ ఫ్రేమ్ కింది గొట్టాలు విప్పదీయవచ్చు. అందుకే గుజ్జి ఇంజిన్ దించాలంటే ఇంజిన్‌ని పైకి లేపే పని లేదు. ఇంజిన్‌ని కింద చెక్క మీద నిలబెట్టి, ఫ్రేమ్‌నే దాని మీంచి ఎత్తేస్తారు. చూసినవాళ్లు మర్చిపోలేని పని అది. 2000 తర్వాత కూడా కొన్ని గుజ్జి మోడళ్లలో ఇదే ఫ్రేమ్ కొనసాగింది.

ఈ ఇంజిన్‌లో పనిచేసుకునేవాడికి కలిసొచ్చే విషయం ఏమిటంటే, సిలిండర్ హెడ్లు రెండూ రెండు పక్కలకి, గాలిలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. కవర్ విప్పి, ఒక పానా, ఒక ఫీలర్ గేజ్ పట్టుకుని స్టూలు మీద కూర్చుంటే అరగంటలో టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందులు, సెట్ చేసుకోవచ్చు. ట్యాంకు తీయక్కర్లేదు, ఏదీ కదిలించక్కర్లేదు. ఇంతకంటే యజమానిని గౌరవించిన డిజైన్ ఆ కాలంలో అరుదు. మరోపక్క ఆయిల్ ఫిల్టర్ సంగతి చూడండి. వీ7 స్పోర్ట్‌లో ఫిల్టర్ లేదు, జాలీ మాత్రమే. 1975లో 850 టీ3తో ఫిల్టర్ వచ్చింది, కానీ దాన్ని ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ లోపల పెట్టారు. మార్చాలంటే సంప్ చుట్టూ ఉన్న బోల్టులన్నీ విప్పి, అడుగు భాగం మొత్తం దించి, గ్యాస్కెట్ మార్చి మళ్లీ బిగించాలి. టాపెట్ల పని అంత తేలిగ్గా ఇచ్చి, ఫిల్టర్ పని ఇంత కష్టం చేయడం ఎందుకో అర్థం కాదు. అయినా ఇది జబ్బు కాదు, గుణమే. చేతికి నల్లగా అంటుకుంటుంది, అంతే.

అసలు జబ్బు సిలిండర్ గోడలో ఉంది. 1970ల గుజ్జి ట్విన్లు చాలావాటిలో అల్యూమినియం సిలిండర్ లోపలి గోడకి క్రోమ్ పూత పూసేవారు. తేలిక, వేడి త్వరగా బయటికి పోతుంది, కొత్తలో చాలాకాలం అరగదు. కానీ ఏళ్లు గడిచాక, ముఖ్యంగా బండి తేమలో కదలకుండా పడి ఉంటే, ఆ పూత పెచ్చులూడటం మొదలవుతుంది. ఊడిన క్రోమ్ ముక్కలు ఆయిల్‌తో పాటు తిరిగి బేరింగులని గీకేస్తాయి. మన షెడ్డుల్లో అలవాటైన చికిత్స, అంటే లేత్ షాపుకి పంపి బోర్ చేయించి పెద్ద పిస్టన్ వేయడం, ఇక్కడ పనికిరాదు. పూత మీద బోర్ చేయలేరు. గుజ్జి కంపెనీయే తర్వాత క్రోమ్ వదిలేసి నిగుసిల్ అనే నికెల్-సిలికాన్ పూతకి మారింది. పాత బండికి కూడా ఆ రకం సిలిండర్లు, పిస్టన్ల జత కొని బిగించడమే సరైన దారి. ఖర్చే, కాదనలేం. కానీ ఒకసారి చేస్తే మళ్లీ ఆ దిగులు ఉండదు. కిలోమీటర్లు తక్కువ తిరిగింది, ఏళ్ల తరబడి షెడ్డులో భద్రంగా ఉంది అని చెప్పి అమ్మే గుజ్జి గురించి ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇందుకే. రోజూ తిరిగిన బండిలో కంటే పడి ఉన్న బండిలోనే ఈ పూత పాడయ్యే ప్రమాదం ఎక్కువ.

షాఫ్ట్ డ్రైవ్‌కీ తన నడక ఉంది. చైన్ ఉండదు కాబట్టి బురద, సాగడం, బిగించడం లేవు. కానీ ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు వెనక భాగం పైకి లేస్తుంది, వదిలేస్తే కుంగుతుంది. మలుపులో సగానికి వచ్చాక భయపడి ఎక్సలేటర్ టక్కున మూసేస్తే, సరిగ్గా నేలకి దూరం కావలసిన సమయంలో బండి కిందికి దిగుతుంది. అందుకే గుజ్జిని మలుపుకి ముందే నెమ్మదింపజేసి, లోపలికి దిగాక కొద్దిగా ఎక్సలేటర్ పట్టి నడపాలి. ఈ అలవాటు నాలుగు రోజుల్లో పడుతుంది, పడ్డాక మిగతా బళ్ల మీద కూడా మంచి చేస్తుంది. గేర్లు కూడా తొందరపెడితే పడవు. బరువైన ఫ్లైవీల్ వేగం తగ్గడానికి కాస్త సమయం పడుతుంది. ఒక క్షణం ఆగి కాలు వేస్తే మెత్తగా పడుతుంది. గేర్ బాక్స్ పాడైందని విప్పించడానికి ముందు ఈ ఒక్క క్షణం ఆగి చూడటం మంచిది.

బ్రేకుల విషయంలో టీ3 తన కాలం కంటే ముందుంది. కాలి పెడల్ తొక్కితే వెనక డిస్కు, ముందున్న రెండు డిస్కుల్లో ఎడమది కలిసి పడతాయి. చేతి లివర్ ముందు కుడి డిస్కుకి మాత్రమే. ఇవాళ మన స్కూటర్ల మీద కాంబి బ్రేక్ అని రాసి ఉండేదానికి ఇది పెద్దన్న లాంటిది. చేతి బ్రేకు బలహీనంగా ఉందని కొత్త యజమానులు ఫిర్యాదు చేస్తారు. అది బలహీనత కాదు. ఆ బండిని కాలితో ఆపాలి, చేత్తో సాయం పట్టాలి. కొందరు ఈ పైపులన్నీ తీసేసి మామూలు పద్ధతికి మార్చేస్తారు. రేసులకైతే సరే. రోడ్డు మీద, అందులోనూ తడి రోడ్డు మీద, అసలు ఏర్పాటే మేలు.

మాండెల్లో నుంచి దక్షిణంగా బొలోనాకి వస్తే పూర్తిగా వేరే ఆలోచన కనిపిస్తుంది. ఫాబియో తల్యోని 1954లో డుకాటీలో చేరాడు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది డెస్మోడ్రోమిక్ వాల్వులు. మామూలు ఇంజిన్‌లో కామ్ వాల్వుని తెరుస్తుంది, స్ప్రింగ్ మూస్తుంది. వేగం బాగా పెరిగితే స్ప్రింగ్ ఆ వేగాన్ని అందుకోలేదు, వాల్వు గాల్లో తేలుతుంది, ఒక్కోసారి పిస్టన్‌కి తగులుతుంది. డెస్మోలో మూయడానికి కూడా ఒక కామ్, ఒక రాకర్ ఉంటాయి. తలుపు తీసే చెయ్యి, వేసే చెయ్యి రెండూ ఉన్నట్టు. ఈ ఆలోచన తల్యోనిదే కాదు, అంతకు ముందే మెర్సిడెస్ రేసు కార్లలో వాడారు. కానీ 1956లో 125 సీసీ బండితో, స్వీడన్ గ్రాండ్ ప్రిలో దాన్ని గెలిపించి, తర్వాత మామూలు కొనుగోలుదారుడి బండిలోకి తెచ్చి నిలబెట్టింది ఆయన.

స్ప్రింగుల నాణ్యత అంతంత మాత్రంగా ఉన్న కాలంలో ఇది సరైన సమాధానం. దాని వెల టాపెట్ సెట్టింగ్ రోజున తెలుస్తుంది. ఒక్కో వాల్వుకి రెండు సందులు చూడాలి, తెరిచే వైపు ఒకటి, మూసే వైపు ఒకటి. స్క్రూ తిప్పి సరిచేసేది కాదు. సరైన మందం ఉన్న షిమ్ (పలచని లోహపు బిళ్ల) వెతికి వేయాలి, దొరక్కపోతే నూరి సన్నబరచాలి. పైగా 1970ల డుకాటీ ట్విన్లలో కామ్ తిప్పడానికి చైన్ గానీ బెల్టు గానీ లేవు. ఒక్కో సిలిండర్ పక్కన ఒక షాఫ్ట్, దాని కింద, పైన శంఖం ఆకారపు బెవెల్ గేర్లు. ఆ గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి ఎంత లోతుకి కూర్చోవాలో కూడా షిమ్ములే నిర్ణయిస్తాయి. బిగుతైతే ఊళపెట్టినట్టు మోత, వదులైతే గలగల. బాగా కుదిరితే ఆ ఇంజిన్ చేసే సన్నని చప్పుడుకి ప్రాణం లేచొస్తుంది. కానీ ఒక ఇంజిన్ పూర్తిగా కుదర్చడానికి గంటలు కాదు, రోజులు పడతాయి. ఫ్యాక్టరీకి ఆ ఖర్చు భరించడం కష్టమైంది. 1979లో వచ్చిన 500 పాంతా నుంచి రబ్బరు బెల్టులు వచ్చాయి.

ఒక పొరపాటు అభిప్రాయం ఇక్కడే సరిచేయాలి. బెవెల్ డుకాటీలన్నీ డెస్మోలు కావు. 750 జీటీ, 860 జీటీ లాంటి వాటిలో మామూలు స్ప్రింగులే ఉంటాయి. డెస్మో 750 ఎస్‌ఎస్, 900 ఎస్‌ఎస్ లాంటి పరుగు బళ్లది. ఆనందంగా తిరగడానికి బండి కావలసినవాళ్లకి స్ప్రింగుల డుకాటీయే మంచిది. గొప్పగా చెప్పుకోవడానికి తప్ప, రోడ్డు మీద నడిపే వేగాల్లో డెస్మో వల్ల అదనంగా ఒరిగేది చాలా తక్కువ.

డెస్మోకి అంత పేరు తెచ్చింది ఒక్క రోజు. 1972 ఏప్రిల్ 23న ఇమోలాలో జరిగిన 200 మైళ్ల రేసులో డుకాటీ 750ల మీద పాల్ స్మార్ట్ మొదట, బ్రూనో స్పజ్జారి రెండో స్థానంలో వచ్చారు. దాని జ్ఞాపకంగా 1974లో ఆకుపచ్చ ఫ్రేమ్‌తో 750 ఎస్‌ఎస్ వచ్చింది, నాలుగు వందల చిల్లర బళ్లు మాత్రమే. ఇవాళ దాని ధర ఇళ్ల ధరలతో పోల్చేలా ఉంది. అందుకే వేరే డుకాటీల నుంచి తయారుచేసిన నకళ్లూ తిరుగుతున్నాయి. కిక్ కొట్టి స్టార్ట్ చేయడం తప్ప వేరే దారి లేని బండి, ఎయిర్ ఫిల్టర్ లేకుండా దుమ్మంతా పీల్చే కార్బురేటర్లు. దాన్ని కొన్నవాళ్లలో ఎక్కువమంది నడపకపోవడం మాత్రం బాధాకరం. గాజు గదిలో నిలబెట్టిన బెవెల్ ఇంజిన్‌కి సీళ్లు ఎండిపోతాయి, నూనె అందని పళ్లకి తుప్పు పడుతుంది.

ఈ డుకాటీల్లో నిజంగా భయపడాల్సిన చోటు కింది భాగం, బిగ్ ఎండ్, అంటే పిస్టన్ రాడ్ క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే చోటు. తొలి 750లలో జాలీ తప్ప మార్చుకునే ఫిల్టర్ లేదు. మురికి క్రాంక్ షాఫ్ట్‌లోనే ఒక అరలో పేరుకునేలా చేశారు. ఆ అర శుభ్రం చేయాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. చేయకపోతే ఆయిల్ దారి మూసుకుపోయి రోలర్ బేరింగ్ పోతుంది. పైగా క్రాంక్ ఒకే ముక్క కాదు, ప్రెస్‌లో బిగించి కలిపినది. దాన్ని విడదీసి మళ్లీ నిటారుగా కూర్చడం అందరు మెకానిక్‌లూ చేయగల పని కాదు. ఆయిల్ తరచుగా మార్చడం ఒక్కటే యజమాని చేతిలో ఉన్న మందు.

బ్రెగాంజె అనే ఊళ్లో వ్యవసాయ యంత్రాలు చేసే లవెర్దా కుటుంబం 1949లో మోటార్ సైకిళ్లలోకి దిగింది. 1873 నుంచి ఆ ప్రాంతపు రైతులకి పనిముట్లు చేసినవాళ్లు కాబట్టి వాళ్ల బళ్లలోనూ ఆ మొండితనం కనిపిస్తుంది. 750 ఎస్‌ఎఫ్‌లో ఎస్‌ఎఫ్ అంటే సూపర్ ఫ్రెని, గొప్ప బ్రేకులు అని అర్థం. ఎలక్ట్రికల్ సామాను కోసం జర్మనీ బాష్ దగ్గరికి, మీటర్ల కోసం జపాన్ దగ్గరికి వెళ్లడానికి వెనుకాడలేదు. అందుకే ఆ బళ్లలో రాత్రిపూట టెన్షన్ తక్కువ. వెయ్యి సీసీ మూడు సిలిండర్ల బండిలో మాత్రం ఒక వింత ఉంది. మూడు పిస్టన్లుంటే క్రాంక్ 120 డిగ్రీల చొప్పున పంచడం సహజం. లవెర్దా బయటి రెండు పిస్టన్లు కలిసి పైకి, నడిమిది కిందికి వెళ్లేలా 180 డిగ్రీలు పెట్టింది. మోత కుంటి గుర్రం పరుగులా ఉంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. బ్రిటన్ దిగుమతిదారు చొరవతో 1976లో వచ్చిన జోటాలోనూ అదే. 1982లో 120 డిగ్రీలకు మార్చాక వణుకు తగ్గింది, అమ్మకాలు మాత్రం పెరగలేదు. పాత జోటా నడిపినవాళ్లు ఆ కొత్తది మెత్తబడిందని ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదనలో నిజం ఉంది.

ఎంవీ అగుస్తా గురించి ఒక్క మాట చాలు. రేసుల్లో అందరినీ ఓడించిన ఆ కంపెనీ, తన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ని రోడ్డు బండిగా అమ్మేటప్పుడు దానికి బరువైన షాఫ్ట్ డ్రైవ్ తగిలించింది. కొన్నవాడెవడూ దాన్ని రేసుబండిగా మార్చి ఫ్యాక్టరీ మీదికే పోటీకి రాకూడదని అలా చేశారని అంటారు. ఇక కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్లు చూడాల్సింది మోటో మొరీని 3½. 344 సీసీ, 72 డిగ్రీల వీ-ట్విన్, ఆరు గేర్లు. సిలిండర్ హెడ్ అడుగు చదునుగా ఉంటుంది, పెట్రోలు మండే గుంట పిస్టన్ నెత్తిలో ఉంటుంది. దాంతో హెడ్ తయారీ తేలికైంది, మైలేజీ బాగుంటుంది. తేలికైన బండి, విడిభాగాలు దొరుకుతాయి. కిక్ ఎడమ వైపున ఉంటుంది, కాబట్టి చాలామంది పక్కన నేల మీద నిలబడి కుడికాలితో కొడతారు. కామ్‌ని తిప్పే పళ్ల బెల్టు వయసెంతో తెలియకపోతే స్టార్ట్ చేయకముందే మార్చేయాలి.

ఈ బళ్లలో చాలావాటికి ఉమ్మడిగా ఉండేవి కొన్ని. డెల్లోర్టో కార్బురేటర్లు అందులో మొదటివి. పాత బుల్లెట్ మీద టిక్లర్ నొక్కి స్టార్ట్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకి ఇవి కొత్తగా అనిపించవు. తర్వాతి రకాల్లో యాక్సిలరేటర్ పంప్ ఉంటుంది, ఎక్సలేటర్ తిప్పిన ప్రతిసారీ పెట్రోలు చిమ్ముతుంది. ఆగి ఉన్నప్పుడు ఊరికే తిప్పుతూ కూర్చుంటే ప్లగ్గులు తడిసి స్టార్ట్ కాదు. రెండు కార్బురేటర్లకి రెండు కేబుళ్లు. రెండూ ఒకే క్షణంలో తెరుచుకునేలా సరిచూస్తే సగం వణుకు, సగం మిస్‌ఫైర్ పోతాయి. వెల్యా మీటర్ల ముల్లు ఊగుతుంది, అది చూపించే వేగాన్ని సుమారుగా తీసుకోవాలి. సైడ్ స్టాండ్ మాత్రం ప్రమాదకరం. బరువు తీయగానే స్ప్రింగ్ దాన్ని లాగేసుకుంటుంది. కాస్త కదిలినా చాలు, రెండు వందల కిలోలు దాటిన బండి నేల మీద పడుకుంటుంది. సెంటర్ స్టాండ్ వేయడం తప్పనిసరి అలవాటుగా చేసుకోవాలి.

నడిపే తీరుకి వస్తే, ఈ బళ్లు పుట్టిన రోడ్లు గుర్తుంచుకోవాలి. బొలోనా నుంచి ఫ్లోరెన్స్ వైపు కొండల్లోంచి పోయే ఫూతా కనుమ, మాండెల్లో పక్క సరస్సు వెంబడి మెలికలు తిరిగే దారి లాంటివి. పొడవైన మలుపులు, ఆగకుండా సాగే వేగం. డుకాటీ ట్విన్‌లో ముందు సిలిండర్ దాదాపు నేలకి సమాంతరంగా పడుకుని ఉంటుంది, అందుకే బండి పొడవుగా ఉంటుంది. తిన్నగా పోతున్నప్పుడు రైలు పట్టాల మీద ఉన్నట్టే. ఇరుకు సందులో తిప్పాలంటే మాత్రం భుజాలు నొప్పెడతాయి. క్లచ్ గట్టిది, గాలి తగిలితేనే చల్లబడే ఇంజిన్, మొదటి గేరే పొడవు. ఆగుతూ సాగే నగర ట్రాఫిక్‌లో ఇవి వేడెక్కుతాయి, నడిపేవాడూ వేడెక్కుతాడు. తెల్లవారుజామున ఊరు దాటి, రెండు గంటలు కొండ దారిలో తిప్పుకొచ్చేదే వీటి అసలు బతుకు. 18 అంగుళాల సన్నని టైర్లకి రూపొందిన బళ్లు ఇవి. పట్టు పెరుగుతుందని వెడల్పు టైర్లు వేస్తే ఆ నడక చెడిపోతుంది.

ఇవాళ్టి పెట్రోలు ఒక కొత్త సమస్య. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను మెత్తబరుస్తుంది. ఫైబర్‌గ్లాస్ ట్యాంకు ఉన్న డుకాటీల్లోనైతే ట్యాంకే ఉబ్బి ఆకారం మారుతుంది. మన దేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి ఇక్కడ ఇంకా జాగ్రత్త అవసరం. గొట్టాలు కొత్త రకానివి వేయడం, బండిని నెలల తరబడి ఆపేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేయడం చేయాలి.

అసలుదనం గురించి పెద్ద చర్చ ఉంది. ఇటలీలో 1966లో ఏర్పడిన ఏఎస్ఐ లాంటి పాత వాహనాల సంఘాలు బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందా అని పరీక్షించి పత్రం ఇస్తాయి. దాని విలువ దానికి ఉంది. కానీ రిలేలు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మంచి రెగ్యులేటర్ లాంటివి దాచి పెట్టగలిగే మార్పులు, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీయగలిగేవి. వాటిని పాపంగా చూడక్కర్లేదు. ఫ్రేమ్ కోయడం, హెడ్‌లో కొత్త రంధ్రాలు వేయడం వేరు. తీసిన పాత భాగాన్ని పారేయకుండా పేరు రాసి డబ్బాలో పెట్టడం మంచి యజమాని లక్షణం.

తెలుగు నేల మీద ఈ బళ్లు చాలా అరుదు. మనకు ఇటలీ పరిచయం మోటార్ సైకిళ్ల ద్వారా కాక స్కూటర్ల ద్వారా జరిగింది. బజాజ్ మొదట తయారుచేసింది వెస్పానే. లాంబ్రెటా తయారీ యంత్రాలు ఇటలీ నుంచి లక్నోకే తరలివచ్చాయి, వాటి మీద తయారైన స్కూటర్లు విజయ్ సూపర్‌గా మన వీధుల్లో తిరిగాయి. 2018 నుంచి హైదరాబాద్ సంస్థ ఒకటి బెనెల్లి బళ్లు అమ్ముతోంది గానీ, అవి చైనా యాజమాన్యంలోని కొత్త తరం బళ్లు. పాత గుజ్జినో డుకాటీనో సొంతం చేసుకోవడం బ్రిటన్, అమెరికాల్లో ఉన్న తెలుగువాళ్లకి తేలిక, ఇక్కడున్నవాళ్లకి కష్టం. మన దేశంలో 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని వాహనాలకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి, మొదటిసారి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ నంబర్‌తో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి.

ఎక్కడ కొన్నా, సంతలో ఎద్దు పళ్లు పట్టి చూసినట్టు చూసుకోవాలి. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాలతో సరిపోవాలి, అక్షరాల అచ్చు ఫ్యాక్టరీదిలా ఉండాలి. బండి చూడటానికి వెళ్లే ముందే, స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవాడికి చెప్పాలి. చేరగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడాలి. వేడెక్కిన ఇంజిన్ చాలా సంగతులు దాచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని కిక్‌లకి లేస్తుందో, మొదటి నిమిషంలో పొగ నీలంగా ఉందో తెల్లగా ఉందో చూడాలి. గుజ్జి అయితే ఆయిల్ వేలికి రాసి ఎండలో చూడాలి. మెరిసే పొట్టు కనిపిస్తే సిలిండర్ల జత ఖరీదు ధరలోంచి తగ్గించమని అడగాలి. డుకాటీ అయితే ఇంజిన్ ఆఖరుసారి ఎవరు విప్పారు, క్రాంక్ అర శుభ్రం చేశారా, ఆ పని బిల్లు ఉందా అని అడగాలి. బిల్లు చూపించలేకపోతే ఆ పని జరగలేదనే లెక్కవేసి, ఇంజిన్ మొత్తం విప్పే ఖర్చు కలుపుకుని ధర మాట్లాడాలి.